ఊరు పట్టుకుంటే బ్యాండ్లు దొరుకుతాయి: ప్రపంచ ఇండీ పాప్ మీద హైదరాబాదు శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో ఇండీ పాప్ వినేవాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువమందే ఉన్నారు. కాకపోతే ఎవరికి వారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నారు కాబట్టి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కొత్తగా ఇటువైపు వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటికి నా జవాబులు ఇవి. పాటలంటే ప్రాణం ఉండి, ఎక్కడ వెతకాలో తెలియక ఆగిపోయినవాళ్ల కోసం రాస్తున్నాను.

ఇండీ పాప్ అంటే అసలు ఏ రకం సంగీతం?

పెద్ద కంపెనీల అండ లేకుండా, చిన్న లేబుళ్ల మీద, అంటే రికార్డులు తెచ్చే చిన్న సంస్థల మీద, తక్కువ ఖర్చుతో వచ్చిన పాప్. గిటారు గలగలమంటూ ఉంటుంది, రాగం ముందుంటుంది, గొంతు పక్కింటి మనిషి పాడినట్టు ఉంటుంది. 1979లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మొదలైన పోస్ట్‌కార్డ్ రికార్డ్స్, 1986లో బ్రిటన్ పత్రిక ఎన్ఎంఈ 22 బ్యాండ్ల పాటలతో తెచ్చిన సీ86 క్యాసెట్ దీనికి తొలి గుర్తులు. ఆ మరుసటి ఏడాది బ్రిస్టల్‌లో ఇద్దరు యువతీ యువకులు సారా రికార్డ్స్ పెట్టారు. 1995లో నూరో విడుదల తెచ్చి, ఇక చాలని మూసేశారు. అమ్ముడుపోక మూసింది కాదు. అనుకున్నంత చేశాం, ఆగుదాం అని మూసింది. ఆ పట్టుదల నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

ఇప్పుడు ఈ పేరు కింద సింథసైజర్ కీబోర్డుల మీద కట్టిన పాటలు, బ్రెజిల్ నుంచి వచ్చిన మెత్తని బోసా నోవా, కలలోలా మసకగా మోగే డ్రీమ్ పాప్ అన్నీ చేరిపోయాయి. హద్దుల గురించి వాదించుకోవడం అనవసరం.

సినిమా పాటల మీద పెరిగిన చెవికి ఇది ఎక్కుతుందా?

బాగా ఎక్కుతుంది. మన చెవి మెలోడీకి అలవాటు పడింది, ఇండీ పాప్‌కి ప్రాణం కూడా మెలోడీయే. మొదట్లో ఇబ్బంది పెట్టేవి రెండు. పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు, ఫ్లూట్లు వచ్చే ఇంటర్‌లూడ్ కోసం మన చెవి ఎదురుచూస్తుంది. ఇక్కడ అది రాదు, అదే గిటారు ఇంకో నాలుగు బార్లు మోగి ఊరుకుంటుంది. రెండోది గొంతు. బాలు, చిత్రల గొంతులు విన్నవాళ్లకు శ్రుతి అంచున తడబడే గొంతు తప్పుగా తోస్తుంది. అమెరికాలోని ఒలింపియా నుంచి వచ్చిన బీట్ హాపెనింగ్ బ్యాండును మొదటిసారి వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మూడోసారికి ఆ తడబాటే పాటలోని మాటకు ఎలా బలం ఇస్తోందో వినిపిస్తుంది.

అయినా సినిమాకు బయట పాట ఉండటం మనకు కొత్త కాదు. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్ వంటివాళ్లు రేడియో కోసం కట్టిన లలిత గీతాలు ఏ హీరో కోసమూ, ఏ సన్నివేశం కోసమూ పుట్టలేదు. పాట పాట కోసమే. మీ ఇంట్లో అమ్మమ్మలో, పెద్దమ్మలో లలిత సంగీతం వినే ఉంటారు. ఈ చిన్న బ్యాండ్ల సంగతి వాళ్లకు చెప్పి చూడండి, మీ స్నేహితులకన్నా ముందు వాళ్లే తల ఊపుతారు.

గొంతు అడ్డంకి లేకుండా మొదలుపెట్టాలంటే టోక్యో ముగ్గురి బృందం ల్యాంప్ వినండి. 2000లో మొదలైన ఈ బృందం చాలా ఏళ్లు జపాన్ బయట పెద్దగా ఎవరికీ తెలియదు. తర్వాత ఇంటర్నెట్‌లో కుర్రకారు పాత పాటలను తవ్వి తీసి ప్రపంచమంతా తిప్పారు. జాజ్ కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు), బోసా నోవా నడక, ఆడ మగ గొంతులు మార్చి మార్చి పాడటం. ఇళయరాజా ఎనభైల పాటలు ఇష్టపడేవాళ్లకు ల్యాంప్ కార్డు మార్పులు వెంటనే పట్టేస్తాయి.

వేల బ్యాండ్లు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక ఊరు ఎంచుకోండి. ఈ మొత్తం జవాబుల్లో గుర్తుంచుకోవాల్సినది ఇదొక్కటే అనుకున్నా ఫరవాలేదు.

చిన్న బ్యాండు ఒంటరిగా ఉండదు. ఒకే డ్రమ్మర్ మూడు బ్యాండ్లలో వాయిస్తాడు, ఒకే స్నేహితుడి గదిలో అందరూ రికార్డు చేస్తారు, ఒకే చిన్న హాలులో వంతులవారీగా వాయిస్తారు. ఒక బ్యాండు దొరికిందంటే దాని వెనక ఇంకో పది ఉన్నట్టే. ‘ఇలాంటి పాటలు’ అని యాప్ వరసపెట్టి ఇచ్చేవాటికి ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. ఊరు పట్టుకుంటే మనుషులు తెలుస్తారు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలుస్తుంది, పాట రెండింతలు రుచిస్తుంది.

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో డునెడిన్ అని ఒక ఊరుంది. యూనివర్సిటీ ఊరు, చలి ఎక్కువ, లండన్‌కీ న్యూయార్క్‌కీ భూమికి ఆ చివర. 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల షాపులో పనిచేసే రోజర్ షెపర్డ్ ఫ్లయింగ్ నన్ అనే లేబుల్ మొదలుపెట్టాడు. దాని తొలి విడుదలల్లో డునెడిన్ బ్యాండు ద క్లీన్ పాట ‘టాలీ హో’ ఉంది. చాలా చవగ్గా రికార్డు చేసిన ఆ పాట ఆ దేశపు టాప్ 20లోకి ఎక్కింది. పాట మొదట్లోనే ఒక ఆర్గన్ బాణీ గిరగిరా తిరుగుతుంది, మీరు ఒకసారి విన్నారంటే రోజంతా నోట్లో ఆడుతుంది. ఆ ఆర్గన్ వాయించిన కుర్రాడు మార్టిన్ ఫిలిప్స్. అతనిదే ఇంకో బ్యాండు, ద చిల్స్. ద క్లీన్‌లో బాస్ వాయించిన రాబర్ట్ స్కాట్ తర్వాత ద బ్యాట్స్ పెట్టాడు. ఆ రోజుల్లో ఈ బ్యాండ్లను తన నాలుగు ట్రాకుల టేప్ రికార్డర్ మీద రికార్డు చేసిపెట్టిన క్రిస్ నాక్స్ తనూ పాటలు కట్టినవాడే.

చూశారా, ఒక్క ఆర్గన్ బాణీ ఎవరిదని అడిగితే మూడు బ్యాండ్లు, ఒక లేబుల్, ఒక రికార్డిస్టు దొరికారు. అదే ఊరి బ్యాండు ద వర్లెయిన్స్ సంగతి నేనింకా ఎత్తనే లేదు. ద క్లీన్ డ్రమ్మర్ హామిష్ కిల్గోర్ 2022లో, మార్టిన్ ఫిలిప్స్ 2024లో పోయారు. ఆ ఊరి పాట మాత్రం ఇప్పటి కుర్రాళ్ల గిటార్లలో సాగుతూనే ఉంది.

మనకు దగ్గరగా, ఆసియాలో ఏ ఊళ్లు చూడాలి?

నన్నడిగితే ఇవాళ ఇండీ పాప్‌కి ఆసియాయే అన్నిటికన్నా రసవత్తరమైన చోటు. విడివిడిగా చెప్తాను.

ఇండోనేషియాలో బాండుంగ్, జకార్తా. బాండుంగ్‌లో కాలేజీ స్నేహితులు తొంభైల చివర్లో పెట్టుకున్న బ్యాండు మోక్కా. జకార్తా ఆర్ట్స్ కాలేజీ విద్యార్థులు 2002లో మొదలుపెట్టినది వైట్ షూస్ అండ్ ద కపుల్స్ కంపెనీ. వీళ్లు ఎంతో ప్రేమతో ఒక పని చేశారు. 1956లో సోలో నగరంలో పెట్టిన ప్రభుత్వ రికార్డుల సంస్థ లోకనంతా పాత స్టూడియోకి వెళ్లి, తమ దేశపు ప్రాంతీయ పాటలను తమ పద్ధతిలో రికార్డు చేశారు. మన జానపదాలను, లలిత గీతాలను ఇక్కడి కుర్రాళ్లు అలా పట్టుకుంటే ఎలా ఉంటుందోనని ఆ రికార్డు విన్నప్పుడల్లా అనుకుంటాను.

కొరియా అంటే సియోల్, అందులో హోంగ్‌డే ప్రాంతం అంటారు అందరూ. నా ఓటు బూసాన్‌కి. సముద్రపు ఒడ్డు ఊరు. అక్కడ 2012లో మొదలైన సే స్యూ మీ వాయించే సర్ఫ్ గిటారులో అలల నురగ ఉంటుంది, మాటల్లో బరువు ఉంటుంది. వాళ్ల డ్రమ్మర్ ప్రమాదంలో తీవ్రంగా గాయపడి ఆస్పత్రిలో ఉన్న కాలంలో వచ్చింది 2018 నాటి రెండో ఆల్బం. ఆ సంగతి తెలిశాక పైకి హుషారుగా సాగే పాటలు వేరేగా వినిపిస్తాయి. బాణీ ఎగురుతూ ఉండగా మాట కుంగడం ఇండీ పాప్‌కి పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని వీళ్లంత బాగా పట్టుకున్నవాళ్లు తక్కువ.

తైపేలో సన్‌సెట్ రోలర్‌కోస్టర్. 2011లో తొలి ఆల్బం తెచ్చి, కొన్నేళ్లు ఆగి, 2016లో ఈపీతో, అంటే కొద్ది పాటల చిన్న రికార్డుతో, తిరిగి వచ్చి ఆసియా అంతటా పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్లు చిన్న బ్యాండు కాదు గానీ తైపేకి దారి అక్కడి నుంచే.

హాంగ్‌కాంగ్‌లో మై లిటిల్ ఎయిర్‌పోర్ట్. 2001లో మొదలైన ఇద్దరి బృందం. బొమ్మ కీబోర్డులా చిన్నపిల్లల పాటలా వినిపిస్తుంది. మాటల్లో మాత్రం అద్దెలు, ఉద్యోగాలు, బాసులు, ఊరి రాజకీయం. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకు ఆ పాటలు ఇట్టే తగులుతాయి.

బ్యాంకాక్‌లో ఫుమ్ విఫురిట్, ముగ్గురు అమ్మాయిల బ్యాండు యెల్లో ఫ్యాంగ్. సింగపూర్‌లో సోబ్స్, సబ్‌సోనిక్ ఐ.

యూరప్, లాటిన్ అమెరికా సంగతి?

స్పెయిన్‌కి ఎలిఫెంట్ రికార్డ్స్ ఒక్కటి పట్టుకుంటే చాలు. 1989 నుంచి నడుస్తోంది, దాని పాత జాబితా తిరగేయడమే ఒక చదువు. స్వీడన్‌కి లాబ్రడార్ లేబుల్. లండ్ నుంచి వచ్చిన ద రేడియో డిపార్ట్‌మెంట్ పాటలు 2006లో ఒక హాలీవుడ్ చిత్రంలో వాడాక బయటి ప్రపంచానికి తెలిశాయి. అదే లేబుల్ నడిపే యోహాన్ ఆంగర్‌గార్డ్ క్లబ్ 8, ఆసిడ్ హౌస్ కింగ్స్ రెండిట్లోనూ ఉంటాడు. ఇక్కడా అదే కథ: ఒక మనిషి, రెండు బ్యాండ్లు, ఒక లేబుల్.

అర్జెంటీనాలో లా ప్లాటా. ఎల్ మతో ఆ ఉన్ పొలిసియా మోటొరిసాదో 2003లో అక్కడే పుట్టింది, లాప్త్రా అనే సొంత లేబుల్ మీద. ఒకటే వాక్యాన్ని మళ్లీ మళ్లీ పాడి దాన్నే నినాదం చేస్తారు. స్పానిష్ రాకపోయినా రెండో చరణానికి మీరూ కలిసి పాడతారు.

భాష రాదు కదా, మాటలు అర్థం కాకపోతే ఏం లాభం?

తమిళం రాకుండానే తమిళ పాటలు వింటూ పెరిగిన ఊరు మనది. ముందు రెండు మూడు సార్లు పాటను పాటగా వినండి, తర్వాత మాటలు వెతకండి. ముందే అనువాదం చదివితే పాట ఆ నాలుగు ముక్కల అర్థం దగ్గరే ఆగిపోతుంది. మై లిటిల్ ఎయిర్‌పోర్ట్‌కి మాత్రం ఈ నియమం వద్దు. అక్కడ మాటలు తెలియకపోతే సగం పోయినట్టే, అభిమానులు పెట్టిన ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో వీడియో చూడండి.

బ్యాండ్‌క్యాంప్ గురించి అందరూ చెబుతారు. దాన్ని ఎలా వాడాలి?

2008లో వచ్చిన ఈ సైటులో బ్యాండ్లు తమ పాటలను తామే పెట్టి అమ్ముకుంటాయి. చిన్న బ్యాండ్లను వెతకడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. చాలామంది ఒక పాట వినేసి బయటికి వచ్చేస్తారు. అసలు సరుకు పేజీ కింది భాగంలో ఉంటుంది.

ఒక ఆల్బం పేజీ తెరవండి. కవర్ బొమ్మ, పాటల జాబితా దాటి కిందికి రండి. ఎవరు ఏం వాయించారు, ఎక్కడ రికార్డు చేశారు, మిక్సింగ్ ఎవరు అని రెండు మూడు వాక్యాలు ఉంటాయి. అందులో పేర్లు రాసుకోండి, ఒక్కో పేరూ ఇంకో బ్యాండుకు దారి. ఇంకా కిందికి వస్తే ట్యాగులు: ఇండీ పాప్, డ్రీమ్ పాప్, జాంగిల్ పాప్ అంటూ వచ్చి, చాలాసార్లు చివర ఊరి పేరు ఉంటుంది. ఆ ఊరి పేరు నొక్కండి. ఆ ఊరి బ్యాండ్లన్నీ ఒకచోట కనిపిస్తాయి.

మరొకటి కూడా ఉంది, చాలామంది గమనించరు. ఆల్బం కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు గళ్లుగా వరసకట్టి ఉంటాయి, కొందరు ఎందుకు నచ్చిందో ఒక ముక్క రాసి ఉంటారు. అందులో మీకు నచ్చిన మాట రాసిన మనిషిని నొక్కితే అతను ఇప్పటిదాకా కొన్నవన్నీ కనిపిస్తాయి. మీ అభిరుచితో సరిగ్గా కలిసే ఒక అపరిచితుడు, ఏ పెరూలోనో పోలండ్‌లోనో ఉన్నవాడు, సొంత డబ్బు పెట్టి కొన్న జాబితా అది. డబ్బు పెట్టి కొన్నాడంటే నిజంగా నచ్చిందన్నమాట. దానికి మించిన సిఫారసు ఉండదు.

ఇక్కడి నుంచి డబ్బు కట్టడం కుదురుతుందా?

యూపీఐతో కుదరదు, కార్డు కావాలి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మన కార్డుల మీద విదేశీ లావాదేవీలను మనమే తెరవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసి, ఒక పరిమితి పెట్టి, పని అయ్యాక ఆఫ్ చేసేయండి. కొన్ని డెబిట్ కార్డులు అప్పటికీ మొరాయిస్తాయి, క్రెడిట్ కార్డుతో సులువు.

మీ చెల్లింపులో డిజిటల్ పాటల మీద సైటు మామూలుగా 15 శాతం తీసుకుంటుంది. బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ముందే ప్రకటించే కొన్ని శుక్రవారాల్లో ఆ వాటా వదిలేస్తుంది. కోవిడ్‌తో కచేరీలు ఆగిపోయిన 2020 మార్చి 20న మొదలైన పద్ధతి ఇది. ఆ రోజు అమెరికా పశ్చిమ తీరపు గడియారం ప్రకారం నడుస్తుంది కాబట్టి హైదరాబాదులో శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒకటిన్నరకో మొదలై శనివారం అదే వేళకు ముగుస్తుంది. కొనాలనుకున్నవి విష్‌లిస్టులో పెట్టుకుని ఆ రోజు కొనండి.

కొన్ని ఆల్బములకు ధర మీ ఇష్టం అని ఉంటుంది. సున్నా పెట్టి దించుకున్నా తప్పేం లేదు, బ్యాండు ఒప్పుకునే అలా పెట్టింది. చేతిలో డబ్బు ఆడిన నెలలో మళ్లీ వెళ్లి కట్టండి.

స్పాటిఫై, యూట్యూబ్ ఉన్నాయి కదా. అవి చాలవా?

వినడానికి చాలు, వెతకడానికి చాలవు. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చాక చాలామందికి ఈ సంగీతం పరిచయమైంది, ఆ మేలు కాదనను. ఐతే అది అప్పటికే వింటున్నవాటి చుట్టూనే తిప్పుతుంది. 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లు కూడా వినబడని పాటకు అక్కడ రాయల్టీ రాదు. మనం మాట్లాడుకునే బ్యాండ్ల పాటలు చాలా ఆ గీత కిందే ఉంటాయి. మీకు నచ్చిన పాట ఆ గీత దగ్గరుంటే ఇంకో నాలుగుసార్లు వినండి, ప్లేలిస్టులో పెట్టి పంచండి.

యూట్యూబ్‌లో మాత్రం ఒక నిధి ఉంది: సియాటిల్ రేడియో కేఈఎక్స్‌పీ స్టూడియో కచేరీలు. అరగంట పాటు ఒక బ్యాండు ఎదురుగా నిలబడి వాయించినట్టే. ఎవరి చెయ్యి ఎటు కదిలితే ఏ ధ్వని వస్తోందో కళ్లారా చూడొచ్చు.

రేడియో ఇంకా పనికొస్తుందా?

ఇంకెప్పటికన్నా ఎక్కువ. ఒక మనిషి కూర్చుని ఈ పాట తర్వాత ఈ పాట అని ఎంచి వేయడానికి సాటి వచ్చేది ఇంకా పుట్టలేదు. కేఈఎక్స్‌పీ ఆన్‌లైన్‌లో ఇరవైనాలుగు గంటలూ వస్తుంది. ఇక్కడ ఉదయం ఏడంటే అక్కడ ముందురోజు సాయంత్రం, ఆఫీసుకు వెళ్లే దారిలో వాళ్ల సాయంత్రపు కార్యక్రమాలు దొరుకుతాయి. లండన్‌లో 2011లో మొదలైన ఎన్‌టీఎస్‌లో పాత కార్యక్రమాలన్నీ పాటల జాబితాలతో సహా ఉంటాయి. అమెరికాలోని జెర్సీ సిటీ నుంచి వచ్చే డబ్ల్యూఎఫ్ఎంయూ ప్రకటనలు లేకుండా శ్రోతల చందాల మీద నడుస్తుంది, అక్కడ పాటలు వేసే మనిషిదే పూర్తి రాజ్యం.

ఇంక రేడియో గార్డెన్. తెర మీద భూగోళం తిరుగుతుంది, పచ్చ చుక్కలు స్టేషన్లు. దాన్ని తిప్పి న్యూజిలాండ్ అడుగుకు వెళ్లి డునెడిన్ చుక్క మీద ఆగండి. ఒటాగో యూనివర్సిటీ విద్యార్థుల రేడియో వన్ 91 ఎఫ్ఎం ఉంటుంది. మనకు మధ్యాహ్న భోజనం వేళ వాళ్లకు సాయంత్రం. ప్రతి ఊళ్లోనూ విద్యార్థుల రేడియో, కమ్యూనిటీ రేడియో ఏదో వెతకండి. ఆ ఊరి బ్యాండ్లు మొదట వినపడేది అక్కడే.

ఇలాంటి బ్యాండ్లు హైదరాబాదుకు వస్తాయా?

విదేశీ చిన్న బ్యాండ్లు అరుదు. వచ్చినా ముంబై, ఢిల్లీ, బెంగళూరు చూసుకుని వెళ్లిపోతుంటాయి. రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్లి కచేరీ చూసి మర్నాడు రాత్రికి తిరిగొచ్చేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు.

ఇక్కడ కళ్లు పెట్టాల్సిన చోట్లు: బంజారాహిల్స్‌లో లామకాన్, జర్మన్ వాళ్ల గోథే సెంట్రమ్, ఫ్రెంచ్ వాళ్ల అలియాన్స్ ఫ్రాన్సేజ్. జూన్ 21న ప్రపంచ సంగీత దినోత్సవం చుట్టుపక్కల ఫ్రెంచ్ వాళ్ల కార్యక్రమాల మీద ఓ కన్నేసి ఉంచండి. 1982లో ఫ్రాన్స్‌లో మొదలైన పండుగ కదా. 2010 నుంచి నడుస్తున్న లామకాన్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. పెద్ద బండరాయిని అలాగే ఉంచి దాని పక్కన కట్టుకున్న ఆరుబయలు వేదిక, మెట్ల మీద కూర్చున్న జనం, చేతిలో చాయ్, పేపర్ ప్లేటులో సమోసా. పాటకూ వినేవాడికీ మధ్య పది అడుగులుండవు. గాయకుడు గుక్క తీసుకోవడం కూడా వినపడుతుంది. ఇండీ పాప్‌కి కావలసిన కొలత అదే.

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల్లో వారాంతాల్లో ఎక్కువగా కవర్ పాటలు నడుస్తాయి. వెళ్లేముందు సొంత పాటలు వాయిస్తున్నారా అని అడగండి.

మన దేశంలో ఎవరిని వినాలి? తెలుగులో ఉన్నారా?

ఢిల్లీ నుంచి పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ, 2019 నాటి ‘బిస్మిల్లా’ ఆల్బం. కోల్‌కతా జంట పరేఖ్ అండ్ సింగ్, లండన్ లేబుల్ పీస్‌ఫ్రాగ్ మీద వచ్చారు. చెన్నై ద ఎఫ్16స్, పుణె ఈజీ వాండర్లింగ్స్, కొచ్చి వెన్ చాయ్ మెట్ టోస్ట్. ఈ చివరివాళ్లు మలయాళం, తమిళం, హిందీ, ఇంగ్లిష్ అన్నిట్లోనూ పాడతారు.

తెలుగులో రామ్ మిరియాల పాడిన రోజుల నుంచీ చౌరస్తా ఉంది, క్యాప్రిసియో ఉంది. వీళ్లది అచ్చంగా ఇండీ పాప్ అనలేం, రెగ్గే, రాక్, జానపదం కలుస్తాయి. సినిమా లేకుండా తెలుగులో బ్యాండు పాట నిలబడుతుందని చూపించినవాళ్లు మాత్రం వీళ్లే. తెలుగులో గిటారు గలగలలతో, పడగ్గదిలో రికార్డు చేసిన గొంతుతో పాడే చిన్న బ్యాండ్లు ఇంకా చాలా రావాలి. మీ కాలేజీలో అలాంటివాళ్లుంటే మొదటి వరసలో కూర్చోండి.

క్యాసెట్లు, ఎల్పీలు తెప్పించుకోవచ్చా?

రికార్డు ధరకన్నా పోస్టేజీ ఎక్కువవుతుంది, పైన కస్టమ్స్. నలుగురు కలిసి ఒకే లేబుల్ నుంచి ఒకేసారి తెప్పించుకుంటే కొంత నయం. వచ్చాక మే నెల ఎండలో కారులో వదలకండి, ఎల్పీ వంగిపోతుంది.

నచ్చిన బ్యాండు ఆగిపోయిందని తెలిసింది. ఇక వినడం దండగేనా?

ఎందుకు దండగ? జపాన్ బ్యాండు ఫర్ ట్రేసీ హైడ్ 2023లో విడిపోయింది, బైరూత్ బ్యాండు మష్రూ లైలా 2022లో. పాటలు ఎక్కడికీ పోలేదు. విడిపోయినవాళ్లలో ఒకరో ఇద్దరో ఆర్నెల్లలో ఇంకో పేరుతో ప్రత్యక్షమవుతారు. సభ్యుల పేర్లతో వెతకండి, బ్యాండు పేరుతో కాదు.

ఒక్కో ఊరికి ఎంత సమయం పెట్టాలి?

నేనైతే ఒక నెల అంటాను. ఇండీ పాప్ ఆల్బములు చాలావరకు అరగంట, నలభై నిమిషాలు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగేలోపు ఒకటి పూర్తవుతుంది. రోజుకో కొత్త ఆల్బం వద్దు. ఒకే ఆల్బం వారమంతా వినండి, పక్కన పేర్లు రాసుకుంటూ ఉండండి. నెలాఖరుకి ఆ ఊరి సంగతి మీరే పదిమందికి చెప్పగలుగుతారు.

బ్యాండుకు మెసేజ్ పెట్టొచ్చా? జవాబిస్తారా?

తప్పకుండా పెట్టండి. వందమంది వినే బ్యాండుకు హైదరాబాదు నుంచి ఒక మెసేజ్ రావడం పెద్ద సంగతి, చాలామంది జవాబిస్తారు. ‘బాగుంది’ అని ఊరుకోకండి. ఏ పాట, ఆ పాటలో ఏ చోటు, మీరు ఎక్కడ విన్నారు అని రాయండి. ఇంగ్లిష్ రానివాళ్లకు చిన్న చిన్న వాక్యాల్లో రాస్తే అనువాదం చేసుకుంటారు. చివర్లో మీ ఊళ్లో ఇంకెవరిని వినాలి అని అడగండి. స్నేహితుల బ్యాండ్ల పేర్లు చెప్పడానికి వాళ్లకు మహా సరదా.

సరే, ఈ శనివారానికి ఒక్క ఆల్బం చెప్పండి.

మోక్కా, ‘మై డైరీ’, 2002. పాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, భాష బెంగ లేదు. అరవైల స్వింగు, బోసా నోవా, మధ్యలో ఫ్లూట్. ఆ ఫ్లూట్ వాయించేది గాయని ఆరీనాయే, కాబట్టి గొంతు ఆగిన చోట ఫ్లూట్ అందుకున్నా అదే ఊపిరి. ఇంటర్‌లూడ్ కోసం ఎదురుచూసే మన చెవికి ఇక్కడ అదీ దొరుకుతుంది. ఆల్బం నచ్చితే దాన్ని తెచ్చిన బాండుంగ్ లేబుల్ ఎఫ్ఎఫ్‌డబ్ల్యూడీ జాబితా తెరవండి. ఆదివారానికి సరిపడా అక్కడే ఉంది.